అక్కకు నాయన, నాకు నాన్న

ఒంగోలు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఎనిమిది పేజీలు రాశారు. కుదించి ఇస్తున్నాను. ముఖ్యమైన చోట్ల ఆమె మాటలనే ఉంచాను.

ఆమె వయసు 31. భర్త, నాలుగేళ్ల బాబు, తనకో ఉద్యోగం. పుట్టి పెరిగింది కొండపి వైపు ఒక పల్లెలో. తండ్రి పొగాకు రైతు, ఆకును పొయ్యి వేడితో ఆరబెట్టే సొంత బ్యారన్ ఉండేది. మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పదేళ్లు పెద్దదైన అక్క పెళ్లయ్యాక నెల్లూరులో స్థిరపడింది. నిరుడు తండ్రి గుండెపోటుతో పోయారు. తల్లి ఆ పల్లెలోనే ఒంటరిగా ఉంటోంది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక బంధువులంతా పందిట్లో కూర్చుని ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు. ఈమె కూడా మాట్లాడారు. మూడో తరగతిలో ఉన్నప్పుడు టీవీఎస్ బండి మీద ముందు నిలబెట్టుకుని టంగుటూరు వేలం కేంద్రానికి తీసుకుపోవడం, అక్కడ బాదంపాలు కొనివ్వడం, తన ఇంజినీరింగ్ చదువు కోసం ఎకరం పొలం అమ్మడం, అన్నీ చెప్పి, "మా నాన్న జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు" అన్నారు. మజ్జిగ గ్లాసు పట్టుకుని గుంజకు ఆనుకుని నిలబడి ఉన్న అక్క, "నువ్వు చెప్పే మనిషెవరో నాకు తెలియదు. నాకు తెలిసిన నాయన వేరే" అని గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం బస్సుకే నెల్లూరు వెళ్లింది.

తర్వాత ఫోన్లో పెద్ద గొడవ. "2000లో నన్ను ఇంటర్‌లో చేర్పించి, ఏడాది తిరక్కుండానే మాన్పించాడు. రాత్రుళ్లు బ్యారన్ దగ్గర కాపలా నేనే, పన్నెండేళ్లప్పటి నుంచి. బెల్టు దెబ్బలు నీకేం తెలుసు? అమ్మ ఎడమ మణికట్టు వంకరగా ఎందుకుందో ఎప్పుడన్నా అడిగావా?" అని అక్క. బావి దగ్గర జారిపడిందని చిన్నప్పటి నుంచి వింటున్నానని ఈమె. తల్లిని అడిగితే, "ఆ రోజుల్లో అందరిళ్లల్లో అదేలేమ్మా" అని వంటింట్లోకి వెళ్లిందట. "అవునని అనలేదు, కాదనీ అనలేదు" అని రాశారు. రెండు నెలల తర్వాత తండ్రి పుట్టినరోజుకు ఈమె ఆయన ఫొటో మీద 'దేవుడిలాంటి మా నాన్న' అని రాసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పది నిమిషాల్లో అక్క గ్రూపులోంచి వెళ్లిపోయింది. అప్పట్నుంచి మాటల్లేవు.

వచ్చే నెల సంవత్సరీకం. తండ్రి వీలునామా రాయలేదు. బ్యారన్ ఉన్న స్థలం అమ్మేసి లెక్కలు తేల్చుకోమని చిన్నాయన ఒకవైపు తొందరపెడుతున్నారు. "అక్క రాకపోతే ఊళ్లో ఏమనుకుంటారు? అమ్మ ఏమైపోతుంది? చనిపోయిన మనిషిని క్షమించడానికి ఏం కష్టం? అసలు మా ఇద్దరిలో ఎవరిది నిజం? అక్క పగతో పెంచి చెబుతోందా, లేక నేనే ఇన్నేళ్లు అబద్ధంలో బతికానా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని అడిగారు.

తల్లీ, మీ ఉత్తరంలో మొదట నా చూపు ఆగింది ఒక చిన్న మాట దగ్గర. మీరు ఆయన్ని ప్రతిచోటా 'నాన్న' అని రాశారు. అక్క మాటలు రాసిన చోటల్లా 'నాయన' అని ఉంది. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో వెనకటి పిల్లలు నాయనా అనే పిలిచేవారు. మిమ్మల్ని ఆటోలో కాన్వెంటుకు పంపే నాటికి ఆ ఇంటికి నాన్న వచ్చాడు. పదేళ్ల తేడాలో పిలుపే మారింది. దాంతోపాటు ఇంకేం మారాయా అని మీ ఉత్తరంలోని సంవత్సరాలన్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాను. మీరూ ఒకసారి రాసి చూడండి.

అక్క కాలేజీలో చేరింది 2000లో. 2000-01 సీజన్లో ఆంధ్రప్రదేశ్‌లో వర్జీనియా పొగాకుకు క్రాప్ హాలిడే ప్రకటించారు. అంతకుముందు పండింది అమ్ముడుపోక పేరుకుపోయింది, ఈ ఏడు పంట వేయవద్దన్నారు. పొగాకునే నమ్ముకున్న ఇంటికి అదెంత దెబ్బో చెప్పనక్కర్లేదు. బ్యారన్ పొయ్యి ఆరుతుంది గాని వడ్డీ ఆరదు. అప్పుడు మీకు ఆరేళ్లు. ఇంట్లో పదహారేళ్ల పిల్ల ఒకతి అంతా చూస్తోంది, అంతా వింటోంది. ఆ ఏడే ఆమె కాలేజీ ఆగిపోయింది. 2003లో పెళ్లి చేసి పంపారని మీరే రాశారు. మీరు బండి మీద ముందు నిలబడి టంగుటూరు వెళ్లింది మూడో తరగతిలో. అంటే ఇల్లు కాస్త తేరుకున్న తర్వాత, అక్క అత్తారింటికి వెళ్లడానికి కాస్త అటూ ఇటూగా. తేరుకున్న తండ్రి దగ్గర పెరిగిన పిల్ల మీరు. మునుగుతున్న తండ్రి దగ్గర పెరిగిన పిల్ల ఆమె.

ఇది ఆయన తరఫున చెప్పే సాకు అనుకోకండి. ఆ ఏడాది బ్యారన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ అప్పుంది. ప్రతి ఇంట్లోనూ ఆడమనిషి మణికట్టు విరగలేదు. కష్టం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కోపం అర్థమవుతుంది, అంతవరకే. అక్కతో మాట్లాడేటప్పుడు "పాపం నాన్న అప్పుల్లో ఉన్నాడు కదక్కా" అనే మాట మీ నోట రానివ్వకండి. ఆ సంగతి ఆమెకు మీకంటే ముందు తెలుసు. వడ్డీ అడగడానికి వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది బహుశా ఆమే.

బ్యారన్ కాపలా అన్నది మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేనక్కడ కాసేపు ఆగుతాను. మా అమ్మమ్మగారిది కందుకూరు దగ్గర పల్లె. సెలవులకు వెళ్లినప్పుడు ఆ కాపలా చూశాను. పచ్చి ఆకును కర్రలకు కట్టి, బ్యారన్ లోపల కింది నుంచి కప్పు దాకా వరుసలు వరుసలుగా వేలాడదీసి తలుపు మూస్తారు. నేల మీద వేసిన ఇనప గొట్టాల్లోంచి పొయ్యి వేడి పోతుంది. మొదట సన్న వేడి మీద ఆకు పసుపు రంగుకు తిరగాలి. తర్వాత వేడి పెంచి ఆకును ఆరబెట్టాలి. ఆఖర్న లావు ఈనె కూడా ఆరేదాకా ఇంకా పెంచాలి. ఐదారు రోజులు, రాత్రీ పగలూ ఇదే పని. వేడి గాడి తప్పితే రంగు చెడి ఆకు ధర పడిపోతుంది. ఆరిన ఆకు రాలి కాలే గొట్టం మీద పడితే బ్యారనే అంటుకుంటుంది. అందుకే ఎవరో ఒకరు గంటగంటకూ లేచి, చిన్న అద్దం కిటికీలోంచి టార్చిలైటు వేసి థర్మామీటర్ చూడాలి, పొయ్యిలో కట్టె తోయాలి. మా అమ్మమ్మ వాళ్లింట్లో ఆ పని చేసే పాలేరు కళ్లు సీజనంతా ఎర్రగా ఉండేవి. మీ ఇంట్లో ఆ టార్చిలైటు పట్టుకున్నది పన్నెండేళ్ల పిల్ల. కునుకు పడితే ఇంటిల్లిపాది ఏడాది కష్టం పోతుందని తెలిసిన పిల్ల. తెల్లవారి వచ్చి ఆకు రంగు చూసే తండ్రి మొహం కోసం ఆమె ఎలా ఎదురుచూసి ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి.

ఒకే రోజు ఎక్కించిన ఆకులో కూడా కింది వరుస ముందు ఆరుతుంది, పై వరుసకు వేడి నిదానంగా అందుతుంది. పొయ్యి ఒకటే. మీ ఇంట్లో కింది వరుస మీ అక్క.

ఒకే ఇంటి పిల్లలు అంత వేరుగా ఎందుకుంటారన్న ప్రశ్న మీద రాబర్ట్ ప్లోమిన్, డెనీస్ డేనియల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. ఒకే కప్పు కింద ఉన్నా ఒక్కో బిడ్డ బతికే ఇల్లు వేరన్నది అందులోని సారం. కాబట్టి మీ ఇద్దరిలో ఎవరిది నిజం అన్న ప్రశ్నను పక్కన పెట్టేయండి. ఇద్దరిదీ నిజమే. మీరు అబద్ధంలో బతకలేదు. మీ బాదంపాలు నిజం. ఆమె బెల్టు దెబ్బలూ నిజమే. జ్ఞాపకంలో ఒక సంవత్సరం అటూ ఇటూ కావచ్చు, ఒక రంగు ఎక్కువ పడొచ్చు, అది మనందరికీ ఉన్నదే. మీ అమ్మ మణికట్టు మాత్రం ఎవరి జ్ఞాపకమూ కాదు, కళ్లెదుట ఉంది.

మీరు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. నాయన చెడ్డవాడని చెప్పడమే అక్క ఉద్దేశమని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు. ఆయన పూర్తిగా చెడ్డవాడే అయ్యుంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది. మన రాత అంతే అనుకునేది. మీరు పందిట్లో చెప్పిన మాటలు ఆమె చెవితో మళ్లీ విని చూడండి. ఎకరం అమ్మి చదివించాడు అంటే, ఆ ఎకరం నా కాలేజీ అప్పుడు కూడా ఉంది కదా అని వినిపిస్తుంది. బాదంపాలు కొనిచ్చాడు అంటే, అంత మెత్తదనం ఆయనలో ఉందా, మరి నా దగ్గర ఏమైపోయింది అని వినిపిస్తుంది. మారగలిగిన మనిషే తన కోసం మారలేదు. ఆమెకు మిగిలిన బాధ అదీ. మీరు ఆయన్ని ఎంత పొగిడితే ఆమెకు అంత నష్టం కనబడుతుంది. 'దేవుడిలాంటి' అన్న మాట చూసి ఆమె గ్రూపులో ఎలా ఉండగలదు?

అందుకని క్షమించడం ఏం కష్టం అని ఆమెను అడగకండి. క్షమించడానికైనా ముందు జరిగిందని ఒకరు ఒప్పుకోవాలి కదా. ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. చేసిన మనిషి పోయారు. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. మీరు కాదన్నారు.

మీ అమ్మను తప్పుపట్టాలని లేదు. కానీ ఆ "అందరిళ్లల్లో అదే" అన్న మాట నన్ను వదల్లేదు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు చేసింది కూడా ఆ మాట అనడమే. సారా తాగొచ్చి మొగుడు కొట్టడం నా ఒక్కదాని ఖర్మ అని ఎవరింట్లో వాళ్లు అనుకుంటూ ఉన్నారు. బడిలో పాఠం చదువుతూ మాట కలిశాక, మీ ఇంట్లోనూ ఇదేనా అని ఒకరినొకరు అడిగారు. అక్కడ మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అక్కడ ఆ మాట నోళ్లు విప్పింది. మీ వంటింట్లో అదే మాటతో తలుపు మూతపడింది. మీ అమ్మకు ఆ తలుపు అవసరమై ఉండొచ్చు. నలభై ఏళ్లు ఆ మనిషితో బతికి, ఇప్పుడు ఆయన ఫొటోకు దండ వేస్తున్న మనిషి ఆమె. ఆమెను సాక్షిగా నిలబెట్టి నిజం చెప్పమని నిలదీయకండి. ఎప్పుడైనా పక్కన కూర్చుని ఆ చేతికి నూనె రాయండి. చెప్పాలనిపిస్తే చెబుతుంది, లేకపోతే లేదు.

ఇప్పుడు మీ ఆరో పేజీకి వస్తాను. "నేను బీటెక్ ఆఖరి సంవత్సరంలో ఉండగా అక్క ఎందుకో వచ్చి నెలన్నర ఇంట్లోనే ఉంది, బావతో గొడవ పడిందేమో అనుకున్నాను" అని రాసి, వెంటనే వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. మీరు హైదరాబాద్ హాస్టల్లో ఉన్న ఆ సంవత్సరం 2015. ఆ ఏడాది ప్రకాశం జిల్లాలో పొగాకుకు ధర లేదు. వేలం కేంద్రానికి తెచ్చిన బేళ్లు నోబిడ్ అయి, అంటే ఎవరూ పాట పాడక, వెనక్కి పోయాయి. అప్పు తీర్చే దారి కనబడక కొందరు పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు మీరూ చదివే ఉంటారు. మీ నాన్న కూడా ఆ ఏడాది ఆకు తీసుకుని టంగుటూరు వెళ్లినవారే.

తన సంసారం, తన పిల్లలు ఉన్న మనిషి, నెల్లూరు వదిలి, తనను బెల్టుతో కొట్టిన తండ్రి ఇంట్లో నెలన్నర ఎందుకుందో నాకు తెలియదు. మీకూ తెలియదు. పదేళ్లుగా మీరు అడగలేదు. ఆ నెలన్నర ఆ ఇంట్లో ఏం జరిగిందో ముగ్గురికి తెలుసు. వారిలో ఒకరు లేరు.

ఇక సంవత్సరీకం. మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు చెబుతాను. ఏదో ఒకటి మీరే ఎంచుకోవాలి.

చిన్నాయనను నెల్లూరు పంపి పిలిపిద్దామన్నది మీ ఆలోచన. పెద్దాయన మాట కాదనలేక ఆమె రావచ్చు. ఊళ్లో మాట పడదు, ఆ పూటకు అమ్మ మొహం వెలుగుతుంది. అయితే ఆ రోజుల్లో పక్కింట్లోనే ఉండి, ఆ అరుపులు విని కూడా కలగజేసుకోని పెద్దల్లో చిన్నాయన ఒకరా కాదా అన్నది ముందు చూసుకోవాలి. అయితే గనక, ఆయన వచ్చి తలుపు కొట్టడం ఆమెకు పిలుపులా ఉండదు. మళ్లీ ఇంటివాళ్లంతా ఒకవైపు, తనొక్కతే ఒకవైపు అనిపిస్తుంది. పైగా స్థలం అమ్మే మాట ఎత్తుతున్నదీ ఆయనే. వచ్చినా ఫొటోకు దణ్ణం పెట్టి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతుంది. మీ మధ్య దూరం అలాగే ఉంటుంది.

ఆమె లేకుండానే జరిపించవచ్చు. పిల్లల పరీక్షలనో, ఒంట్లో బాగాలేదనో ఊరికి చెబితే సరిపోతుంది. ఈ దారిని చిన్నచూపు చూడకండి. తనకు దెబ్బ తగిలిన ఇంటికి రానని అనడానికి ఆమెకు హక్కుంది. మీరు బలవంతం చేయకుండా ఊరుకోవడమే ఆమెకు మీరిచ్చే గౌరవం కావచ్చు. భయమల్లా ఒకటే. ఏడాదికొక కారణం వెతుక్కుంటూ పోతే రాకపోవడమే అలవాటైపోతుంది. మీ బాబు పెద్దమ్మ ఎవరో తెలియకుండా పెరుగుతాడు.

ఇంకో దారి, మీరే ముందుగా నెల్లూరు వెళ్లడం. పొద్దున పినాకిని రైలు ఎక్కితే రెండు గంటల దూరం. భర్తను, బాబును తీసుకెళ్లకండి. పిల్లవాడిని అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. నా మనసు ఈ దారి వైపే మొగ్గుతోంది, దాచను. కానీ ఇందులో మీకే ఎక్కువ కష్టం. ఆమె తలుపు తీయకపోవచ్చు. తీసినా మీరు వినలేని మాటలు చెప్పొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మీ నాన్న మీకు ఇదివరకటి మనిషిలా ఉండకపోవచ్చు. అది తట్టుకోగలనా అని మిమ్మల్ని మీరు అడుక్కున్నాకే టికెట్టు తీయండి. ఇప్పుడే చేతకాదనిపిస్తే సంవత్సరీకం అయ్యాక, మీకు నిద్ర పట్టడం మొదలయ్యాక వెళ్లినా ఆలస్యమేమీ కాదు. నిద్ర లేకపోవడం ఇలాగే సాగితే మాత్రం డాక్టరును కలవండి, దాన్ని అక్క గొడవకు ముడిపెట్టి వదిలేయకండి.

వెళ్తే ఏం మాట్లాడాలి? నేను నెల్లూరులోనే ఉంటాను కాబట్టి నాకు తోచిన పోలిక స్వర్ణాల చెరువు దగ్గరిదే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నిరుడు కోరుకున్నది తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువు నీళ్లలో నిలబడతారు. కోరిక ఉన్నవాళ్లు వచ్చి అదే నీళ్లలో దిగుతారు. పెళ్లి రొట్టె, చదువు రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, ఇలా ఎవరి చేతిలో ఏ రొట్టె ఉందో పిలుస్తుంటారు. ఎవరికి ఏది కావాలో నోరు తెరిచి అడిగి తీసుకుంటారు. ఆ నీళ్లలో నేను చాలాసార్లు నిలబడ్డాను. ఒకసారి నా పక్కన ఒకావిడ, తడిసిన కొంగు నడుముకు చుట్టుకుని, చేతిలో ఆరోగ్య రొట్టెతో ఉంది. ఒక కుర్రాడు చెయ్యి చాచాడు. ఆవిడ వెంటనే ఇచ్చేయలేదు. "నీకేం రొట్టె కావాలి నాయనా?" అని అడిగింది. ఉద్యోగం అన్నాడు. "నా దగ్గరిది అది కాదు బిడ్డా" అని తన రొట్టె చెంగులో దాచుకుని, ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుందో ఆ నీళ్లలో నడిచి నడిచి వెతికిపెట్టింది. ఆవిడెవరో, ఆ కుర్రాడెవరో, ఏ మతమో, ఏ ఊరో నాకు తెలియదు. వాళ్లకూ ఒకరినొకరు తెలియదు.

మీరు అక్క దగ్గరికి ఇప్పటిదాకా మీ చేతిలో ఉన్న రొట్టెతోనే వెళ్లారు. నాన్న మంచివాడు అన్న రొట్టె. అది మీ ఆకలి తీర్చిందే, మీరు పారేయనక్కర్లేదు. కానీ ఆమెకు కావాల్సింది ఏమిటని అడగలేదు.

క్షమాపణ చెప్పాలా అని మీకు సందేహం ఉంటుంది. నాన్నను ప్రేమించినందుకు క్షమాపణ అక్కర్లేదు. మీరు వెనక్కి తీసుకోవాల్సింది ఒక్క మాట. "మా నాన్న ఎవరి మీదా చెయ్యెత్తలేదు" అన్నారు పందిట్లో. "నా మీద చెయ్యెత్తలేదు" అని ఉంటే అది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాట విని అక్క బాధపడి ఉండేదేమో గాని అక్కడినుంచి వెళ్లిపోవాల్సిన అవసరం వచ్చేది కాదు. 'ఎవరి మీదా' అనడంతో ఆమె ఒంటి మీది మచ్చలను కూడా మీరే చెరిపేసినట్టయింది. నలుగురి ముందు అన్నారు కాబట్టి, ఎప్పటికైనా నలుగురి ముందే సరిదిద్దితే బాగుంటుంది. అది ఆమె కావాలంటేనే. ఆమె గుట్టును మీ పశ్చాత్తాపం కోసం బయటపెట్టకండి. ముందు ఆమెతో మీరొక్కరే అనండి. "అక్కా, నా మీద ఎత్తలేదు అనాల్సింది. అందరి తరఫునా చెప్పేశాను" అంటే చాలు. ఆ తర్వాత ఆ నెలన్నర గురించి అడగండి. "నేను హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు ఇంటికొచ్చి అన్ని రోజులు ఉన్నావు కదక్కా, అప్పుడేమైంది?" అని. అడిగి ఊరుకోండి. మధ్యలో మీ జ్ఞాపకం గుర్తొచ్చినా, ఆ రోజుకు మింగేయండి. ఆమె ఏడిస్తే ఓదార్చే తొందరలో నాన్నను సమర్థించకండి. ఆమె మాట్లాడేంతసేపూ ఆయన నాయనే. మీరూ ఆ పిలుపుతోనే అడగగలిగితే మరీ మంచిది.

ఇద్దరూ ఆయనలో ఒకే మనిషిని చూడాలని నేను కోరుకోవడం లేదు. అది జరగదు, జరగనక్కర్లేదు కూడా. ఇకముందు కూడా సంవత్సరీకం నాడు మీకు ఏడుపొస్తుంది, ఆమెకు రాకపోవచ్చు. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయని మీరు నొచ్చుకోకుండా, మీరు ఏడుస్తున్నారని ఆమె చిరాకు పడకుండా ఒకే చాప మీద కూర్చోగలిగితే, అక్కాచెల్లెళ్లు అనిపించుకోవడానికి అది చాలు.

స్థలం సంగతి. వీలునామా లేదు కాబట్టి మీ నాన్న సొంత ఆస్తిలో అమ్మకు, మీ ఇద్దరికీ సమాన వాటాలే వస్తాయి. ఎవరూ ఎవరికీ దయతలచి ఇచ్చేది కాదు. చిన్నాయన ఎంత తొందరపెట్టినా సంవత్సరీకం రోజున ఆ మాట ఎత్తనివ్వకండి. లాయరును అడిగి, కాగితాలు చూసుకుని, తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. బ్యారన్ పడగొట్టే ముందు మాత్రం అక్కకు ఒక మాట చెప్పండి. ఆ గోడల పక్కన ఆమె ఎన్ని రాత్రులు కూర్చుందో మీకిప్పుడు తెలుసు. పడగొట్టడం చూడాలనుకుంటుందో, అసలు ఆ వైపే రాకూడదనుకుంటుందో ఆమె చెబుతుంది.

తలుపు తీయకపోతే గొడవ పడకుండా తిరిగి రండి. ఒక ఉత్తరం రాసి పోస్టు చేయండి. వాట్సాప్‌లో వద్దు. నీలం టిక్కులు పడ్డాయా లేదా అని చూస్తూ కూర్చుంటారు, అది మీ ఇద్దరికీ మంచిది కాదు. ఉత్తరంలో ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుని, ఆ నెలన్నర గురించి అడిగి, ఆపేయండి. జవాబు వచ్చేదాకా మళ్లీ రాయకండి.

తలుపు తీస్తే, కూర్చోమంటే, సంవత్సరీకం మాట మీరు ఎత్తకండి. ఎప్పుడని ఆమె అడిగితే అప్పుడు తేదీ చెప్పండి.